కొడవలి దాకా వచ్చిన ఇనుము

మానవ చరిత్రను రాతియుగం, కంచుయుగం, ఇనుపయుగం అని చెప్పుకోవడం మనకు బడినాటి నుంచీ అలవాటు. ఈ వరుసను గట్టిగా నిలబెట్టినవాడు డెన్మార్క్‌కు చెందిన క్రిస్టియన్ యుర్గెన్సెన్ థామ్సెన్. కోపెన్‌హాగెన్ మ్యూజియంలో కుప్పలుగా చేరిన ప్రాచీన వస్తువులను ఒక క్రమంలో సర్దవలసి వచ్చినప్పుడు ఆయన వాటిని, అవి తయారైన పదార్థాన్ని బట్టి మూడు భాగాలు చేశాడు. 1836లో వెలువడిన కరదీపికలో ఆ విభజన అచ్చయింది. ఏది ముందో ఏది వెనకో తేల్చడానికి అది నిజంగా గొప్ప ఉపాయం. అయితే అలమారల కోసం పుట్టిన ఆ వరుస కాలక్రమేణా ఒక కారణాల కథగా మారిపోయింది. రాయి పనికి చాలక మనిషి రాగిని పట్టుకున్నాడని, రాగి మెత్తన గనుక కంచు చేశాడని, కంచుకన్నా ఇనుము గట్టిది గనుక ఇనుముకు మారాడని మనం నమ్ముతూ వస్తున్నాం. ఈ కథలో ఏ మలుపు దగ్గర ఆగి తవ్వకాల్లో దొరికిన వస్తువులను అడిగినా అవి వేరే సమాధానం చెబుతాయి. లోహం పనిముట్టుగా మారిందా లేదా అన్నది ప్రధానంగా దాని గట్టిదనాన్ని బట్టి తేలలేదని, అది ఎంతమందికి అందింది, ఎంత దూరం నుంచి వచ్చింది, అరిగితే విరిగితే బాగుచేసే మనిషి దగ్గర్లో ఉన్నాడా అన్నదాన్ని బట్టి తేలిందని ఈ ప్రసంగంలో నా వాదం.

ముందుగా రాతికి జరిగిన అన్యాయం చూద్దాం. 1950లలో డెన్మార్క్‌లోని డ్రావెడ్ అడవిలో పరిశోధకులు కొత్తరాతియుగం నాటి అసలు గొడ్డళ్ళకే పిడులు వేసి చెట్లు నరికి చూశారు. ఉక్కు గొడ్డలి పట్టినట్టు భుజం ఎత్తి బలమంతా పెట్టి కొడితే రాళ్ళు చిట్లాయి. మోచేతి నుంచి చిన్నచిన్న దెబ్బలు చకచకా వేయడం నేర్చుకున్నాక పని సాగిపోయింది. వేల ఏళ్ళుగా సానపట్టని ఒకే గొడ్డలితో వందకు పైగా చెట్లు కూలాయి. కోత సంగతికొస్తే, అగ్నిపర్వత గాజైన అబ్సిడియన్ పెచ్చుకు వచ్చేంత సన్నని అంచు నేటి ఉక్కు కత్తికి కూడా రాదు. అలాగని రాయీ లోహమూ సమానమని నేను అనడం లేదు. 1997లో అచ్చయిన ఒక ప్రయోగంలో రాతి, కంచు, ఉక్కు గొడ్డళ్ళను పక్కపక్కన పరీక్షిస్తే, చెట్టు లావు పెరిగేకొద్దీ రాయి వెనకబడింది. ఇది నా వాదానికి అడ్డు తగిలే సాక్ష్యమే, దాన్ని దాచను. కానీ అదే ప్రయోగంలో కంచు గొడ్డలి ఉక్కు గొడ్డలికి దాదాపు సాటిగా నిలిచిందన్న సంగతి కూడా గమనించాలి. చెట్టు నరకడంలో కంచుకూ ఉక్కుకూ పెద్ద తేడా లేనప్పుడు, కంచు వాడిన దేశాలు దాన్ని వదిలి ఇనుము వైపు ఎందుకు వెళ్ళాయి? పదును ఒక్కటే కారణమైతే ఆ మార్పు జరగవలసిన అవసరమే లేదు.

లోహం మనిషి చేతికి మొదట వచ్చినప్పుడు దానితో ఏం చేశాడో చూస్తే ఈ అనుమానం ఇంకా బలపడుతుంది. ఆగ్నేయ టర్కీలోని చాయోనులో సుమారు 10,000 ఏళ్ళ క్రితమే రైతులు ప్రకృతిలో శుద్ధంగా దొరికే రాగి ముద్దలను సుత్తిరాళ్ళతో కొట్టి పూసలు, సన్నని సూదులు చేశారు. కొట్టేకొద్దీ రాగి బిరుసెక్కి చిట్లుతుందని, నిప్పులో కాల్చితే మళ్ళీ సాగుతుందని వాళ్ళకు తెలుసు. ఆ తరువాత ఎన్నో వేల ఏళ్ళకు, క్రీ.పూ. 5000 ప్రాంతంలో, సెర్బియాలోని బెలోవోదెలో రాతి నుంచి రాగిని కరిగించి తీసిన ఆనవాళ్ళు కనిపిస్తాయి. రాగి కరగాలంటే 1085 డిగ్రీల వేడి కావాలి. మామూలు పొయ్యి మంట దానికి చాలదు, గాలి ఊది బొగ్గును రగిలించాలి. ఇంత శ్రమపడి సాధించిన విద్య నేరుగా పొలంలోకీ అడవిలోకీ వెళ్ళి ఉంటుందని మనం అనుకుంటాం. కానీ బల్గేరియాలోని వర్నా శ్మశానంలో, క్రీ.పూ. అయిదో సహస్రాబ్ది నాటి సమాధుల్లో, లోహం ఎక్కువగా కొద్దిమంది శవాల మీద బంగారు నగలుగా, అధికార చిహ్నాలుగా కనిపిస్తుంది. 1961లో మృతసముద్రం పక్కన నహల్ మిష్మార్ గుహలో చాపలో చుట్టి దాచిన 400కు పైగా వస్తువులు బయటపడ్డాయి. వాటిలో కిరీటాలు, గదల తలలు, దండాలే ఎక్కువ. పనిముట్లు చాలా తక్కువ. వాటి లోహాన్ని పరీక్షించినప్పుడు తెలిసిన విషయం నాకు మరీ ముఖ్యంగా తోస్తుంది. సాదా ఉలులు, గొడ్డళ్ళు ఆ ప్రాంతపు రాగితో పోతపోసినవి. వైభవం చూపించే వస్తువులు ఆర్సెనిక్, ఆంటిమొని కలిసిన, దూరం నుంచి తెచ్చిన రాగితో మైనపు అచ్చు పద్ధతిలో చేసినవి. అంటే ఒకే జనం, ఒకే కాలంలో, దగ్గరలో దొరికినదాన్ని పనికి వాడారు, దూరం నుంచి వచ్చినదాన్ని పూజకూ పెద్దరికానికీ వాడారు.

ఉత్తర అమెరికాలోని మహా సరస్సుల తీరం ఈ విషయంలో మరింత స్పష్టంగా మాట్లాడుతుంది. సుపీరియర్ సరస్సు చుట్టుపక్కల శుద్ధమైన రాగి ముద్దలు నేల మీదే దొరికేవి. వాటిని కరిగించనక్కర లేకుండానే, కొట్టి, కాల్చి, మళ్ళీ కొట్టి, అక్కడి వేటగాళ్ళు సుమారు 9,500 ఏళ్ళ క్రితమే ఈటె మొనలు, కత్తులు, గాలాలు, దబ్బనాలు చేసుకున్నారు. వ్యవసాయం లేదు, పట్టణం లేదు, రాజు లేడు. అయినా అక్కడ లోహం మొట్టమొదటే పనిముట్టయింది, ఎందుకంటే అది కాళ్ళ కిందే ఉంది. పాఠ్యపుస్తకాల వరుస ప్రకారం ఆ తరువాత రాగి పనిముట్లు పెరగాలి. జరిగింది అందుకు విరుద్ధం. సుమారు 3,000 ఏళ్ళ క్రితం నాటికి అక్కడ పనిముట్లు బాగా తగ్గిపోయి, రాగి ఎక్కువగా పూసలుగా, కంకణాలుగా మారింది. అప్పటికి దూరప్రాంతాలతో మారకాలు పెరిగాయి, రాగిని కోరుకునేవాళ్ళు పెరిగారు. ఒహాయోలోని కెంట్ స్టేట్ విశ్వవిద్యాలయంలో పరిశోధకులు ఆ పనిముట్లకు నకళ్ళు చేసి పరీక్షిస్తే, రాగి మొనలు రాతి, ఎముక మొనలకన్నా మెరుగ్గా పనిచేయలేదు కూడా. పదునులో పెద్ద లాభం లేనప్పుడు, మారకంలో విలువ పెరిగిన వస్తువును అరగదీసి పాడుచేసుకోవడం దేనికని వాళ్ళు ఆలోచించి ఉంటారని ఊహించడం తప్పు కాదు. మనుషులు వెనక్కి నడిచారని దీన్ని కొందరు వర్ణిస్తారు. నా దృష్టిలో వాళ్ళు లెక్క సరిగ్గానే వేసుకున్నారు.

1991లో ఆల్ప్స్ మంచులో బయటపడిన ఓట్జీ అనే మనిషి మొలలో కూడా ఈ లెక్కే ఉంది. క్రీ.పూ. 3300 నాటి ఆ బాటసారి దగ్గర దాదాపు శుద్ధమైన రాగితో పోతపోసిన గొడ్డలి ఉంది. దాని రాగి ఇటలీలోని దక్షిణ టస్కనీ గనులదని 2017లో తేలింది, అంటే వందల కిలోమీటర్లు ప్రయాణించి అతని చేతికి చేరింది. అదే మనిషి బాకు చెకుముకి రాతిది, బాణపు మొనలు చెకుముకి రాతివి, వాటి అంచులు సరిచేసుకోవడానికి కొమ్ము మొన బిగించిన చిన్న కర్ర వేరే ఉంది. రోజూ అరిగేవీ, పోగొట్టుకునేవీ అన్నీ రాతితోనే. లోహం ఒక్క గొడ్డలికే.

కంచుతో ఈ కథ మారిందని అనుకోవచ్చు. రాగిలో పదోవంతు తగరం కలిస్తే కరగడం సులువవుతుంది, పోత చక్కగా వస్తుంది, అంచును సుత్తితో కొడితే గట్టిపడుతుంది. పనిముట్టుకు ఇంతకన్నా మంచి పదార్థం ఆనాటికి లేదు. చిక్కల్లా తగరంతోనే వచ్చింది. రాగి చాలాచోట్ల దొరికినా తగరం బహు కొద్దిచోట్లే దొరుకుతుంది, ఆ రెండూ ఒకేచోట దొరకడం ఇంకా అరుదు. టర్కీ తీరంలో ఉలుబురున్ దగ్గర 1982లో కనుగొన్న క్రీ.పూ. 14వ శతాబ్దం నాటి ఓడలో సుమారు 10 టన్నుల రాగి దిమ్మెలు, ఒక టన్ను తగరం ఉన్నాయి. పదికి ఒకటి, సరిగ్గా కంచు పాళ్ళు. ఆ ఒక్క ఓడ మునిగితే ఎంతమంది ఆయుధాలు, ఎంతమంది ఉలులు ఆగిపోయి ఉంటాయో ఆలోచించండి. అలాంటి సరుకు రాజుల కొట్లలోకి వెళుతుంది, అక్కడి నుంచి లెక్క ప్రకారమే బయటికి వస్తుంది. ఈజిప్టులో రాజుల సమాధులు తొలిచిన దేర్ ఎల్ మదీనా పనివాళ్ళకు రాగి ఉలులను తూకం వేసి ఇచ్చేవారు. మొద్దుబారితే మళ్ళీ తూచి తీసుకుని, కరిగించి కొత్తవి ఇచ్చేవారు. ఉలి పనివాడి చేతిలో ఉన్నా సొత్తు మాత్రం రాజుదే. మన సింధు నాగరికతలోనూ రాగి, కంచు గొడ్డళ్ళు, ఉలులు, రంపాలు బాగానే ఉన్నాయి. అయినా సింధ్‌లోని రోహ్రీ కొండల నుంచి వచ్చిన చెర్ట్ రాతి పలకలు, సన్నగా పొడుగ్గా ఒకే కొలతలో చీల్చినవి, ఆ పట్టణాల్లో ఇంటింటా వాడకంలో ఉన్నాయి. మొహెంజొదారో కంచు నర్తకి బొమ్మ చూసి మనం గర్వపడతాం, పడాలి కూడా. అయితే ఆ బొమ్మ పోతపోసిన ఊళ్ళోనే వంటింటి కోతలకు రాతి బద్ద వాడుతున్నారు.

ఇక్కడ ఒక బలమైన అభ్యంతరం ఉంది. విరిగిన రాయి పారేస్తే వేల ఏళ్ళు నేలలో అలాగే ఉంటుంది, విరిగిన లోహాన్ని మాత్రం ఎవరూ పారేయరు, కరిగించి మళ్ళీ వాడుకుంటారు. అందుచేత తవ్వకాల్లో రాతి పనిముట్లు ఎక్కువగా, లోహపువి తక్కువగా దొరకడం సహజమే. దాన్ని చూసి లోహం వాడకం తక్కువని తీర్మానిస్తే మోసపోతామని పురాతత్త్వజ్ఞులు హెచ్చరిస్తారు. న్యాయమైన హెచ్చరిక. అయితే దీన్ని తేల్చడానికి పనిముట్లను లెక్కపెట్టనక్కర లేని దారి ఒకటి ఉంది: ఆ పనిముట్లు ఇతర వస్తువుల మీద వదిలిన గాట్లను చూడడం. కసాయి కత్తి పశువు ఎముక మీద వదిలే గీత రాతిదైతే ఒకలా, లోహానిదైతే మరొకలా ఉంటుంది. సూక్ష్మదర్శినిలో ఆ తేడా కనిపిస్తుంది. హాస్కెల్ గ్రీన్‌ఫీల్డ్ అనే పరిశోధకుడు బాల్కన్ దేశాల్లోనూ, పశ్చిమాసియాలోనూ దొరికిన ఎముకలను ఈ పద్ధతిలో పరిశీలించాడు. లోహం తెలిసిన తరువాత కూడా చాలా శతాబ్దాల పాటు మాంసం కోతలో రాయే ముందుందని, కంచుయుగం బాగా ముదిరాక గానీ లోహపు గాట్లు ఎక్కువ కాలేదని తేలింది. ఎముకను ఎవరూ కరిగించి మళ్ళీ వాడుకోరు గనుక ఈ సాక్ష్యానికి ఆ అభ్యంతరం తగలదు. అంతకన్నా పెద్ద సాక్ష్యం పంటకోత. ఇజ్రాయెల్, పాలస్తీనా, జోర్డాన్ ప్రాంతంలో కర్రకు చెకుముకి పళ్ళు పొదిగిన కొడవళ్ళు కంచుయుగం పొడుగునా సాగి, ఇనుపయుగంలోకి కూడా వచ్చాయి. స్టీవెన్ రోజెన్ చాలాకాలం ఈ రాతి పనిముట్ల మీద పనిచేసి చూపినది ఇదే: రాతి కొడవలిని తొలగించింది కంచు కొడవలి కాదు, ఇనుప కొడవలి. శతాబ్దాల తరబడి కంచు ఎదురుగా ఉన్నా, అక్కడి రైతు చేతిలో రాతి పళ్ళే ఉన్నాయి. కోత కూలీలందరికీ సరిపడా కంచు ఇచ్చే స్థోమత ఏ ఊరికీ లేకపోయింది మరి.

ఇక ఇనుము. ఇనుము ఉనికి మనిషికి చాలా ముందే తెలుసు. ఈజిప్టులోని గెర్జెలో క్రీ.పూ. 3200 ప్రాంతపు సమాధిలో దొరికిన పూసలు ఆకాశం నుంచి పడిన ఉల్క ఇనుమును రేకుగా కొట్టి చుట్టినవి. టుటన్‌ఖామున్ శవం మీద దొరికిన బాకు కూడా ఉల్క ఇనుముదేనని 2016 పరీక్షల్లో నిర్ధారణ అయింది. క్రీ.పూ. 19వ శతాబ్దంలో అస్సీరియా వర్తకులు అనటోలియాలో రాసుకున్న మట్టి పలకల్లో ఇనుము వెండికన్నా ఎన్నో రెట్లు ఖరీదైన సరుకు. క్రీ.పూ. 13వ శతాబ్దంలో హిట్టైట్ రాజు మూడవ హత్తుసిలి, అస్సీరియా రాజు అడిగిన ఇనుము గురించి జవాబు రాస్తూ, మంచి ఇనుము ప్రస్తుతం తన కొట్టులో లేదని, తయారైనాక పంపుతానని, ప్రస్తుతానికి ఒక బాకు అలుగు పంపుతున్నానని తెలియజేశాడు. ఇద్దరు మహారాజుల మధ్య ఒక్క ఇనుప అలుగు కానుక! ఆ తరువాత కొన్ని వందల ఏళ్ళకే అదే ఇనుము అదే ప్రాంతంలో పొలం దున్నే రైతు చేతిలో ఉంది. లోహం మారలేదు, దాని గట్టిదనం మారలేదు. అది ఎంతమందికి దొరికిందన్నదే మారింది. నా వాదానికి ఇంతకన్నా సూటి పరీక్ష నాకు కనిపించదు.

కానీ ఇనుము కంచుకన్నా గట్టిది కదా అని శ్రోతల్లో చాలామంది అడుగుతారు. కొలిమిలో ముడిఖనిజం నుంచి తీసి, కొట్టి శుభ్రం చేసిన మెత్తని ఇనుము, సుత్తితో కొట్టి బిగించిన కంచు అంచు కన్నా నిజానికి మెత్తన. కంచు దానికి దాదాపు రెట్టింపు గట్టిగా ఉండగలదు. బొగ్గులోని కర్బనం ఇనుములోకి ఎక్కి ఉక్కయి, దాన్ని ఎర్రగా కాల్చి చటుక్కున నీళ్ళలో ముంచినప్పుడే అది కంచును మించుతుంది. ఈ విద్య ఒక్కరోజులో రాలేదు, తొలి శతాబ్దాల కమ్మరులందరికీ అది నిలకడగా చేతికి రాలేదు. ఇంకొందరు పండితులు వేరే మాట చెబుతారు: క్రీ.పూ. 1200 ప్రాంతంలో తూర్పు మధ్యధరా రాజ్యాలు కూలిపోయి, ఓడల రాకపోకలు ఆగి, తగరం కరువైనందువల్ల జనం గత్యంతరం లేక ఇనుముకు మళ్ళారని. వినడానికి ఇది నా వాదానికి అనుకూలంగానే ఉంటుంది, అయినా దీన్ని యథాతథంగా ఒప్పుకోలేను. ఆ సంధికాలపు కంచు వస్తువులను పరీక్షిస్తే వాటిలో తగరం పాళ్ళు పెద్దగా తగ్గలేదు. జేన్ వాల్డ్‌బామ్ చేసిన లెక్కల ప్రకారం ఆ ప్రాంతంలో క్రీ.పూ. 12వ శతాబ్దంలో ఆయుధాలు, పనిముట్లు ఇంకా అత్యధికం కంచువే. పదో శతాబ్దానికి గానీ ఇనుము సగం దాటలేదు. కాబట్టి కొరత తోసిందనడం కన్నా, ఖనిజం ఎక్కడపడితే అక్కడ దొరికే లోహాన్ని లొంగదీసే నేర్పు ఊరూరా పాకిందనడం సాక్ష్యానికి దగ్గరగా ఉంటుంది. ఇనుప ఖనిజం లేని దేశం అరుదు. దానికి ఓడ అక్కరలేదు, రాజుగారి కొట్టు అక్కరలేదు. మట్టి కొలిమి, తిత్తులు, కట్టెబొగ్గు, తెలిసిన మనిషి ఉంటే చాలు.

ఈ మాటకు అత్యంత స్పష్టమైన రుజువు మన దక్కనులో ఉంది. ఇక్కడ థామ్సెన్ వరుసే తప్పుతుంది. రాబర్ట్ బ్రూస్ ఫూట్ 19వ శతాబ్దంలోనే దక్షిణాదిలో తిరిగి రాతి గొడ్డళ్ళు సేకరిస్తూ, ఇక్కడ రాయి తరువాత నేరుగా ఇనుమే వచ్చినట్టుందని గమనించాడు. రాగి బొత్తిగా లేదని కాదు. రాయచూరు వైపు కల్లూరులో రాగి కత్తులు దొరికాయి, కొత్తరాతియుగపు ఊళ్ళలో అక్కడక్కడా చిన్న రాగి గొడ్డలి, ఉలి కనిపిస్తాయి. పల్నాడులోని అగ్నిగుండాలలో రాగి ఖనిజం కూడా ఉంది. తగరం మాత్రం లేదు, రాగి కూడా ఊరూరికీ అందేంత లేదు. అందుకే ఇక్కడి జనం నల్లరాతి గొడ్డలిని వదల్లేదు. బళ్ళారి పక్కన సంగనకల్లు కొండల్లో డోలరైట్ రాతిని పగలగొట్టి, చెక్కి, నూరి గొడ్డళ్ళు చేసిన భారీ కర్మాగారం బయటపడింది. దాని ఉత్పత్తి అన్నిటికన్నా ఎక్కువగా సాగింది క్రీ.పూ. 1400, 1200 మధ్య. ఉత్తర భారతంలో రాగి, పశ్చిమాసియాలో కంచు రాజ్యమేలుతున్న రోజులవి. సంగనకల్లు మనుషులు వెనకబడ్డారనడానికి ఏ ఆధారమూ లేదు. తమకు దొరికేదాంట్లో మేలైనదాన్ని, పెద్ద ఎత్తున, ఒక క్రమంలో తయారుచేసి చుట్టుపక్కల ఊళ్ళకు అందించారు. తరువాత ఇనుము వచ్చినప్పుడు అది రాతినే పక్కకు నెట్టింది, కంచును కాదు. మన బృహత్ శిలాసమాధుల్లో ఆ మార్పు కళ్ళకు కడుతుంది. చదునైన ఇనుప గొడ్డళ్ళు, వాటిని పిడికి బిగించే అడ్డ పట్టీలు, కొడవళ్ళు, ఉలులు, బాకులు, ఈటెలు ఇనుపవి. రాగి, కంచు దొరికితే అవి గిన్నెలు, గంటలు, గుర్రపు అలంకారాలు. విదర్భలోని మహుర్‌ఝరి లాంటి చోట గుర్రం నోటి కళ్ళెం ఇనుముది, ముఖం మీది తొడుగు రాగిది. అరుదైనది అలంకారానికీ, విరివిగా దొరికేది పనికీ అన్న పాత పంపకం ఇక్కడ మళ్ళీ కనిపిస్తుంది.

రాగిని కరిగించడం ఒక బడిలా నేర్చుకోకుండా నేరుగా ఇనుము ఎలా సాధ్యమని లోహశాస్త్రం తెలిసినవారు అడుగుతారు. పశ్చిమాసియాలో రాగి కొలిమి అడుగున ఇనుప ముద్దలు అనుకోకుండా ఏర్పడి ఇనుము విద్యకు దారి చూపాయన్నది చాలామంది నమ్మే సిద్ధాంతం. కానీ ఇదొక్కటే దారి కానక్కర లేదు. సహారాకు దక్షిణాన ఆఫ్రికాలో చాలాభాగం కంచు లేకుండానే ఇనుములోకి వచ్చింది. నైజీరియాలోని తరూగాలో క్రీ.పూ. మొదటి సహస్రాబ్ది మధ్యకే కొలుములు మండుతున్నాయి. ఇక దక్కను జనానికి నిప్పు కొత్త కాదు. పాలమూరులోని ఉట్నూరులో రేమండ్ ఆల్చిన్ 1957లో తవ్విన బూడిద దిబ్బలో పశువుల దొడ్డి పదేపదే తగలబెట్టిన పొరలు, మధ్యలో గిట్టల ముద్రలు దొరికాయి, అది క్రీ.పూ. మూడో సహస్రాబ్ది నాటిది. బళ్ళారి వైపు కొన్ని దిబ్బల్లో పేడ బూడిద గాజులా కరిగి గట్టిపడింది, అంత వేడి పుట్టింది. ఇక కుండలనే చూస్తే, లోపల నల్లగా బయట ఎర్రగా వచ్చేలా కాల్చాలంటే ఆవంలో ఎక్కడ గాలి తగలాలో, ఎక్కడ తగలకూడదో తెలియాలి. ఇనుప ఖనిజం నుంచి ప్రాణవాయువును లాగేయడానికి కావలసింది ముఖ్యంగా ఈ గాలి లెక్కే. ఈ విద్య ఇక్కడే పుట్టిందని ఇంతమాత్రంతో రుజువైపోదు, ఇక్కడ పుట్టడం అసంభవమన్న మాట మాత్రం నిలవదు.

అందుబాటు అంటే ఖనిజం నేలలో ఉండడమే అనుకోకూడదు. ఉన్న ఖనిజాన్ని ఊరి పనిగా మార్చే ఏర్పాటు కావాలి. కరీంనగర్ ప్రాంతంలో శాతవాహనుల కాలపు ఊళ్ళలో కమ్మరి పని ఆనవాళ్ళు దొరికాయి. తరువాతి శతాబ్దాల్లో పల్లె కమ్మరి, రైతు ఇచ్చే ధాన్యపు మేర మీద బతుకుతూ, ఏటా నాగలి కర్రు సాగగొట్టి ఇస్తూ, ఇనుమును అందరిదీ చేశాడు. దేర్ ఎల్ మదీనా ఉలికీ ఈ కర్రుకూ ఉన్న దూరం నాకు ఎప్పుడూ అబ్బురంగానే ఉంటుంది: అక్కడ పనిముట్టు కొట్టుకు తిరిగి వెళ్ళాలి, ఇక్కడ కొలిమి ఊళ్ళోనే ఉంది. అదే సమయంలో తెలంగాణలోనే ఇంకో రకం ఇనుము పుట్టింది. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో, వేర్వేరు చోట్ల ఇనుమును కలిపి మట్టి మూసల్లో మూసి, కరిగించి, అధిక కర్బనపు ఉక్కు ముద్దలు చేసేవారు. 19వ శతాబ్దం తొలినాళ్ళలో హెన్రీ వాయిసీ అక్కడికి వెళ్ళినప్పుడు ఇస్ఫహాన్ నుంచి వచ్చిన పర్షియా వర్తకుడొకడు దగ్గరుండి ఆ ఉక్కును చేయిస్తున్నాడు. ప్రపంచంలోకెల్లా మేలైన ఉక్కుల్లో అది ఒకటి, దాని గట్టిదనం గురించి సందేహమే లేదు. అయినా అది పక్క పొలంలోని కర్రులోకి వెళ్ళలేదు. దూరదేశపు ఖడ్గాల్లోకి వెళ్ళింది. మేలైన లోహం దొరికిన చోట కూడా, అరుదైతే అది ప్రభువుల వస్తువే అయింది. పొలానికి దక్కింది మామూలు ఇనుము.

ఈ మధ్య ఇనుము మొదట ఎక్కడ పుట్టిందన్న చర్చ మన దేశంలో వేడెక్కింది. ఉత్తరప్రదేశ్‌లోని మల్హర్, రాజా నల్ కా టీలా తవ్వకాలు క్రీ.పూ. 1800 దాకా తేదీలు ఇచ్చాయి. హైదరాబాద్ విశ్వవిద్యాలయం ఆవరణలోని శిలాసమాధిలో దొరికిన ఇనుప వస్తువులకు సుమారు క్రీ.పూ. 2200 అని కాలనిర్ణయం ప్రకటించారు. 2025 జనవరిలో తమిళనాడు ప్రభుత్వం విడుదల చేసిన నివేదిక శివగలై దగ్గర క్రీ.పూ. 3345 దాకా వెళ్ళింది. ఈ తేదీలన్నిటినీ నిదానంగా, మళ్ళీ మళ్ళీ పరీక్షించాలి, తేలితే సంతోషమే. కానీ నేను ఇంతసేపూ చెప్పినదాని ప్రకారం చూస్తే, మొదటి ఇనుప ముక్క తేదీ ఒక కుతూహలాన్ని మాత్రమే తీరుస్తుంది. గెర్జె పూసల తేదీ ఈజిప్టు రైతు గురించి ఏమీ చెప్పలేదు కదా. సమాధిలో పెట్టిన ఒక్క కత్తికన్నా, ఊరి చెత్తకుప్పలో అరిగిపోయి దొరికిన కొడవలి ముక్క, పశువు ఎముక మీద గాటు, రాతి గొడ్డలి ఏ పొరలో ఆగిపోయిందన్న లెక్క, ఇనుప చిట్టెం కుప్పలో చిక్కుకున్న బొగ్గు ముక్క ఎక్కువ చెబుతాయి. ఉత్తర తెలంగాణలో అలాంటి చిట్టెం గుట్టలు ఊరి పొలిమేరల్లో, చెరువు గట్ల పక్కన ఇంకా ఉన్నాయి. ఎవరికి మొదట ఇనుము తెలుసన్నదాని బదులు, ఏ శతాబ్దంలో కోతకు వెళ్ళే ప్రతి మనిషి చేతిలోనూ ఇనుము ఉందన్న ప్రశ్నతో వాటిని తవ్వాలి, తేదీలు తీయాలి. సంగనకల్లులో రాతి గొడ్డలి పని ఎప్పుడు, ఎందుకు ఆగిపోయిందో కూడా అప్పుడే సరిగ్గా తెలుస్తుంది.